నిలయం నుంచి సంగం దాకా

మన నిలయానికి 125 ఏళ్లు నిండుతున్నాయని మొన్న పాత బీరువాలోంచి ఒక పుస్తకం తీశాను. అట్ట చెదలు కొట్టింది గానీ, లోపలి ఊదారంగు ముద్ర ఇంకా చెరిగిపోలేదు. శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం పేరు చక్కగా కనిపిస్తోంది.

1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో రావిచెట్టు రంగారావుగారి ఇంట్లో ఈ గ్రంథాలయం మొదలైంది. కొమర్రాజు లక్ష్మణరావుగారు, మునగాల రాజాగారు వెన్నుదన్నుగా నిలిచారు. నిజాం రాజ్యంలో కచేరీ భాష ఉర్దూ. రాజకీయ సభ పెట్టాలంటే సర్కారు అనుమతి కావాలి. పేపరు చదువుకోవడానికి నలుగురు చేరితే మాత్రం ఎవరు కాదంటారు? ఈ గడ్డ మీద మొదటి రాజకీయ బడి పఠనమందిరమేనని నా గట్టి నమ్మకం.

1921 నవంబరు 12. వివేకవర్ధిని థియేటర్‌లో సంఘసంస్కార సభ, అధ్యక్షులు కార్వే పండితులు. ఇతర భాషల ఉపన్యాసాలన్నీ సాఫీగా సాగాయి. వకీలు ఆలంపల్లి వెంకటరామారావుగారు తెలుగులో నోరు విప్పగానే చప్పట్లు, కేకలు, గోల. ఆయన్ను మాట్లాడనివ్వలేదు. రాజ్యంలో ఎక్కువమంది మాట్లాడే భాషకు రాజధానిలో దక్కిన మర్యాద అది! ఆ రాత్రే టేకుమాల రంగారావుగారింట్లో పదకొండు పన్నెండు మంది కూడి ఆంధ్రజన సంఘం పెట్టుకున్నారు.

కార్యదర్శి మాడపాటి హనుమంతరావుగారు ఆ కోపాన్ని పనిలోకి మళ్లించారు. వెట్టిచాకిరి మీద, వర్తకుల హక్కుల మీద చిన్న పుస్తకాలు అచ్చయ్యాయి. వెట్టి కూడదన్న సర్కారు ఉత్తర్వులనే తెలుగులో జనం చేతికి అందించారు. 1928లో ఆయన పూనుకున్న బాలికల పాఠశాలకు తెలుగు మాధ్యమం కారణంగా ఇక్కడ గుర్తింపు దొరకలేదు. చివరికి ఆదుకున్నది ఆనాటి సభాధ్యక్షులు కార్వేగారి మహిళా విశ్వవిద్యాలయమే. ఆ మాట తలచుకుంటే నాకు ఇప్పటికీ గుండె నిండుతుంది.

1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన ఆ సంఘమే ఆంధ్రమహాసభగా మారింది. 1938లో హైదరాబాద్ స్టేట్ కాంగ్రెస్‌ను పుట్టకముందే నిషేధించారు, సత్యాగ్రహులు జైళ్లకు వెళ్లారు. 1944లో భువనగిరిలో మహాసభ రెండుగా చీలింది. రావి నారాయణరెడ్డిగారి పక్షం సభ్యత్వ రుసుమును అణాకు దించడంతో నల్లగొండ, వరంగల్ పల్లెల్లో పాలేర్లు, కౌలుదార్లు పేర్లు రాయించుకున్నారు. వాళ్లలో మన నిలయం గడప తొక్కినవాళ్లు బహు తక్కువ. దాన్ని మహాసభ అని కూడా అనలేదు వాళ్లు, "సంగం" అన్నారు.