ప్రైవేటు వ్యక్తుల మధ్య తుపాకుల బదిలీ, రవాణా: చట్ట చరిత్ర

మేడిపల్లిలో లైసెన్సున్న ఒకరు తన తుపాకిని నాచారంలోని మరో లైసెన్సుదారుకు అమ్మాలనుకుంటే, దాన్ని ఏ బండిలో పంపుతున్నారన్న దానికంటే ఎవరి చేతికి అందుతోందన్నదే చట్టం ముందుగా చూస్తుంది. ఈ చూపు వలస పాలన నాటిది. 1857 తిరుగుబాటు తర్వాత 1860లో ఒక ఆయుధ చట్టం, లిట్టన్ వైస్రాయిగా ఉండగా 1878లో ఇంకో చట్టం వచ్చాయి. రెండో దాని కింద భారతీయులకు లైసెన్సు తప్పనిసరి, యూరోపియన్లకు మినహాయింపు. మేడిపల్లి అప్పుడు నిజాం ఏలుబడిలో ఉంది కాబట్టి బ్రిటిష్ ఇండియా చట్టం నేరుగా వర్తించలేదు. నిజాం సంస్థానం 1948 సెప్టెంబరులో భారత్‌లో కలిసింది. 1959లో చేసిన కొత్త చట్టం 1962 అక్టోబరు 1న అమల్లోకి వచ్చింది. జాతి వివక్ష పోయింది, లైసెన్సు మిగిలింది.

ఆయుధాలు రాజ్యాంగంలోని కేంద్ర జాబితాలో ఉన్నాయి. కాబట్టి ఒకే రాష్ట్రంలో లావాదేవీ జరిగినంత మాత్రాన నిబంధన సడలదు. సొంత వాడకానికి ఉంచుకున్న తుపాకిని అమ్మడానికి వ్యాపార లైసెన్సు అక్కర్లేదని 1959 చట్టంలోని 5వ సెక్షన్ చెబుతుంది. కానీ కొనేవారి పేరు, చిరునామాతో జిల్లా మేజిస్ట్రేటుకు గానీ దగ్గరి పోలీసు స్టేషన్‌కు గానీ రాతపూర్వకంగా తెలియజేసి, 45 రోజులు ఆగాలి. పోలీసు కమిషనరేట్ ఉన్నచోట మేజిస్ట్రేటు అధికారం కమిషనర్‌దే. మరి స్నేహితుడి చేత పంపితే? లైసెన్సుదారు రాసిచ్చిన అనుమతితో వేరొకరు తుపాకి మోయడానికి 3వ సెక్షన్ ఒప్పుకుంటుంది గానీ, అది మరమ్మతుకో, లైసెన్సు పునరుద్ధరణకో, ఆ లైసెన్సుదారు వాడకానికో మాత్రమే. అమ్మిన సరుకు చేరవేయడం అందులో లేదు. దారిలో కొరియర్ కుర్రాడి చేతిలో తుపాకి ఉన్నంతసేపూ అది అర్హత లేని చేతిలో ఉన్నట్టే. పైగా 12వ సెక్షన్ కింద రవాణానే నియంత్రించే అధికారం కేంద్రానికి ఉంది.

నాటు తుపాకులు తిప్పేవాళ్లు ఏ స్టేషన్‌కూ చెప్పరు, ఈ 45 రోజుల నిరీక్షణ నిజాయితీపరులకే శిక్ష అనే అభ్యంతరం ఉంది. అందులో నిజం లేకపోలేదు. అయితే ఈ నిబంధన దొంగ తుపాకిని పట్టుకోవడానికి పెట్టింది కాదు. సక్రమమైన తుపాకి దొంగదారి పట్టకుండా పెట్టింది. ఎవరి దగ్గర ఏ ఆయుధం ఉందో తెలిపే రికార్డు ఒక్క లావాదేవీ దాచినా తెగిపోతుంది. సమాచారం ఇవ్వకుండా అమ్మితే శిక్ష ఆరు నెలల వరకు జైలు, లేదా 500 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. అంత ముఖ్యమైన రికార్డుకు ఈ జరిమానా హాస్యాస్పదం. లోపం నిరీక్షణలో లేదు, ఇక్కడుంది.

2016లో ఈ చట్టం కింది పాత నియమావళి స్థానంలో కొత్తది వచ్చింది. 2019 సవరణ ఒక్కొక్కరికి మూడు తుపాకుల పరిమితిని రెండుకు తగ్గించి, మూడోదాన్ని ఏడాదిలోగా పోలీసు స్టేషన్‌లో గానీ లైసెన్సున్న డీలరు వద్ద గానీ అప్పగించమంది.