‘సెపరేషన్’ శబ్దము – వేర్పాటు, విభజనము

ఆంగ్లభాషయందలి ‘సెపరేషన్’ శబ్దము లాటినుభాషలోని ‘సెపరారే’ యను క్రియనుండి పుట్టినది. అందు ‘సె’ యనఁగా వేఱుగా ననియు, ‘పరారే’ యనఁగా సిద్ధపఱచుట యనియు నర్థము. కావున మూలార్థమున నీ శబ్దము తెగఁగొట్టుటను గాక, వేఱుగా నమర్చి యుంచుటనే తెలుపును. ఈ క్రియయే ప్రాచీన ఫ్రెంచిభాష మూలమున రూపు మాఱి ‘సెవర్’ అయి, ఖండించుట యను కఠినార్థమును బొందినది. ‘పార్టిషన్’ భాగవాచకమైన ‘పార్స్’ శబ్దమునుండి వచ్చినది. ‘బైఫర్కేషన్’ అను దానియందు ‘ఫుర్కా’ యనఁగా పంగలకఱ్ఱ. ఒక మొదలు రెండు పంగలగుట దాని భావము. 2014వ సంవత్సరమున పత్రికలును కచేరీలును ఈ మాటలను ఒకదానికి మాఱుగా నొకటి వాడినవి. శాసనము మాత్రము తన పేరున వీనిలో దేనిని గ్రహింపక ‘పునర్వ్యవస్థీకరణము’ అను మాటను స్వీకరించినది. శబ్దములు పర్యాయములుగా నున్నచో ఇంత జాగరూకత యవసరము లేకపోయెడిది.

తెలుఁగున దీనికి సమానమైన దేశ్యశబ్దము ‘వేఱు’. ఇది శకటరేఫము గలది. చెట్టునకు ఆధారమగు ‘వేరు’ సాధురేఫము గలది. తమిళమునను ఈ రెండును భిన్నాక్షరములతోనే నేఁటికిని నిలిచి యున్నవి గాన, భేదము ప్రాచీనమనుటకు సందేహము లేదు. ఆధునికముద్రణము శకటరేఫమును విడిచినందున మూలమునకును వేర్పాటునకును ఒకే లిపి ప్రాప్తించినది. ఊనుటయు ఊడుటయు కంటి కొక్కటియే యైనవి. ‘ఎడబాటు’ ప్రియుల నడిమి దూరమును మాత్రమే చెప్పును. ‘విడాకులు’ దంపతులకే చెల్లును. ‘వేఱుపడుట’ యన్న మాట యుమ్మడి కుటుంబమునకు సొంతము. రాజకీయ వ్యవహారమునకు ఈ మాట అక్కడినుండియే యెరువు వచ్చినది కావున, ముందు కుటుంబమున దాని యర్థము నరయుట మేలు.

యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుఁడు రచించిన మితాక్షరను 13వ శతాబ్దమున కేతన తెనిఁగించెను. మితాక్షర ననుసరించి కుమారునకు పిత్రార్జితమున పుట్టుకతోనే స్వత్వము కలదు. అట్టి స్వత్వము గలవాఁడు వేఱుపడుటకు నితరుల యంగీకారము కావలయునా యను ప్రశ్నకు ప్రీవీకౌన్సిలు 1916వ సంవత్సరమున గిరిజాబాయి వ్యాజ్యమునందు సమాధాన మిచ్చినది. ఒక దాయాదుఁడు తాను వేఱుపడఁదలఁచితినని నిస్సందేహముగా తెలియఁజేసినచో, ఆ క్షణముననే ఉమ్మడితనము తెగిపోవును. ఇల్లు, పొలము, పాత్రసామగ్రి కొలఁతలు వేసి పంచుకొనుట తరువాత నెన్నఁడో జరుగవచ్చును. మొదటిది ‘సెపరేషన్’, రెండవది ‘పార్టిషన్’. తెలుఁగుపల్లెలలో ఈ భేదము న్యాయవాదులకంటె ముందే తెలిసినది: ‘వేఱుపడిరి గాని పంపకములు కాలేదు’ అను మాట వినని గ్రామ ముండదు.

ఇఁక రాజ్యవిషయము. 1905వ సంవత్సరపు వంగవిభజనముచేత ‘విభజన’ శబ్దమునకు అన్యాయమను ఛాయ యంటినది. 1907లో బిపిన్ చంద్రపాలుని పర్యటనముతో ఆ ఛాయ తెలుఁగునాటను వ్యాపించినది. 1947వ సంవత్సరపు దేశవిభజనము దానికి రక్తవర్ణము పూసినది. కావుననే కాఁబోలు, 1913లో బాపట్లయందు ప్రథమాంధ్రమహాసభ కూడిన నాఁటినుండి ఆంధ్రులు తమ కోరికను మదరాసు రాజధాని విభజనమని గాక ‘ప్రత్యేకాంధ్రరాష్ట్రము’ అని చెప్పుకొనిరి. ‘ప్రత్యేకము’ అను మాటలో విడుచునది కంటె నిలుచునది ముఖ్యము. 1953 అక్టోబరు 1వ తేదీన ఆ రాష్ట్రము కర్నూలు రాజధానిగా నేర్పడినది.

అదే శబ్దము పదియాఱేండ్లు గడవకమునుపే వారి యెదుటికి మఱలి వచ్చుట విచారింపఁదగినది. 1955లో రాష్ట్రపునర్వ్యవస్థీకరణసంఘము హైదరాబాదు రాష్ట్రమును అప్పటికి విడిగా నుంచి, 1961 ప్రాంతపు ఎన్నికల పిమ్మట శాసనసభలో మూఁడింట రెండువంతు లంగీకరించినచో నాంధ్రముతోఁ గలుపవచ్చునని సూచించినది. అంత యాగక 1956 నవంబరు 1న రెండును గలిసినవి. 1969లో తెలంగాణమున ‘ప్రత్యేక’ నినాదము చెలరేఁగినది. 1972లో ముల్కీనిబంధనలు చెల్లునని సుప్రీముకోర్టు తీర్పు చెప్పఁగా, కోస్తా రాయలసీమలే ‘జై ఆంధ్ర’ యని ప్రత్యేకతను గోరినవి. అనఁగా ఒక్క తరమునందే ఇరుపక్షములవారును ఒకరి తరువాత నొకరు ఈ మాటను దాల్చిరి, ఎదుటివాని నోట వినినపుడు దూషించిరి. ఆ దూషణమునకు సాధనము ‘వేర్పాటువాదము’. పంజాబు, కాశ్మీర వార్తలయందు దేశమునుండి విడిపోఁగోరువారికి వాడిన యీ మాటను, దేశములోనే మఱియొక రాష్ట్రమును గోరువారికి అంటగట్టుట శబ్దన్యాయము గాదు. తెలంగాణవాదులు దీని నాక్షేపించుట సహేతుకమే. ఆంగ్లమున ఈ రెండింటికిని ‘సెసెషన్’, ‘సెపరేషన్’ అను భిన్నశబ్దములున్నవి. తెలుఁగు పత్రికాభాష ఆ భేదమును పాటింపలేదు.

భారతరాజ్యాంగపు మూఁడవ అధికరణమున నున్నది ‘సెపరేషన్’ శబ్దమే: ఏ రాష్ట్రమునుండియైనను భూభాగమును వేఱుచేసి పార్లమెంటు క్రొత్తరాష్ట్రమును శాసనముచే నిర్మింపవచ్చును. ఇందు కర్త యెవఁడన్నది గమనింపవలయును. కుటుంబమున వేఱుపడువాని సంకల్పమే చాలును. ఇచ్చట వేఱుపడు ప్రాంతపు సంకల్పముగాని, తక్కిన ప్రాంతపు సమ్మతిగాని ప్రమాణము గాదు. రాష్ట్రశాసనసభ యభిప్రాయము నడుగవలసినదే గాని దానికి లోఁబడవలసిన పని లేదు. 2014 జనవరి 30న ఆంధ్రప్రదేశ శాసనసభ ముసాయిదాను తిరస్కరించినది. ఫిబ్రవరి 18న లోకసభ, 20న రాజ్యసభ దాని నామోదించినవి. జూన్ 2న తెలంగాణము ఆవిర్భవించినది. ఆ దినము ఒకచోట ‘అవతరణ దినోత్సవము’. మఱియొకచోట కొన్నియేండ్లు ‘నవనిర్మాణదీక్ష’. తెలంగాణపు పల్లెలయందు అన్నదమ్ములు వేఱుపడుటను ‘ఏరుపడుడు’ అందురు. ‘రాష్ట్ర మేర్పడినది’ యన్న వాక్యము ఆ చెవికి పుట్టుకగాను పంపకముగాను ఒక్కసారియే వినవచ్చును. ఏ సంస్కృతపదమును ఇంత నిజము చెప్పలేదు.

వేఱుపడుటకును పంచుకొనుటకును గల వ్యవధి పిదప కానవచ్చినది. జనసంఖ్యనుబట్టి 58.32, 41.68 పాళ్లుగా పంపకము నిర్ణయింపఁబడినది. ఉన్నతన్యాయస్థానము 2019 జనవరి 1న గాని రెండు కాలేదు. హైదరాబాదు పదియేండ్లకు మించకుండ ఉమ్మడి రాజధానిగా నుండవలెనని శాసనపు అయిదవ విభాగము చెప్పినది. ఆ గడువు 2024 జూన్ 2న ముగిసినది. ఉమ్మడి రాజధానికి హద్దు గ్రేటరు హైదరాబాదు నగరపాలకసంస్థ హద్దే. శేరిలింగంపల్లి పురపాలకసంఘము 2007లో అందు చేరియుండుటచేత, ఆ ప్రాంతపు కొత్తగూడయు ఆ పదియేండ్లు ఇరురాష్ట్రముల యవిభక్తపు సొత్తువంటి దయ్యెను. పేరునుబట్టి యది క్రొత్త గూడెము. 1998లో మాదాపురమున సైబర్ టవర్సు వెలసిన పిమ్మట నలుగడలనుండి, విశేషించి కోస్తా జిల్లాలనుండి, విద్యావంతులు వచ్చి నిలిచిన తావులలో నిదియు నొకటి. ‘సెటిలరు’ అను మాట వారి కంటుకొన్నది. అట్టివారి ధనమానప్రాణములకై యెనిమిదవ విభాగమున గవర్నరునకు ప్రత్యేకబాధ్యత నొసఁగిరి. శాసనము మాత్రము వారిని వేఱు పేరఁ బిలువక ‘ఆ ప్రాంతమున నివసించు వారందఱు’ అని యూరకున్నది.

ఆంగ్లశాస్త్రశబ్దములకు తెలుఁగుపదములు సమకూర్చుటకై 1968లో స్థాపింపఁబడిన తెలుఁగు అకాడమియు శాసనపు పదవ యనుబంధమునఁ జేరి పంపకమునకు పాత్రమైనది.

కొత్తగూడ పరిసరముల కంప్యూటరు సంస్థలలో నేఁడు ‘సెపరేషన్’ అనఁగా రాష్ట్రముమాట గాదు; ఉద్యోగి సంస్థను వీడుట. తానై మానుకొన్నవాఁడును, తీసివేయఁబడినవాఁడును, వయసుడిగి విరమించినవాఁడును ఆ యొక్క మాటక్రిందనే లెక్కకు వత్తురు. తెలుఁగున ‘మానెను’ అనఁగా నొకటి, ‘తీసివేసిరి’ అనఁగా మఱియొకటి. క్రియ కర్తను దాఁచలేదు. అందుచేతనే కాఁబోలు, ఆ కచేరీలలో తెలుఁగువారు సైతము తమలోఁ దాము మాటలాడుకొనునపుడు ఈ యొక్క పదమును ఆంగ్లముననే యుంచి వాడుదురు.