డర్బన్ మస్జిద్ చెప్పే చరిత్ర

భూమిపై సంచరించి పూర్వుల గతిని గమనించమని ఖుర్ఆన్ బోధిస్తుంది. దక్షిణాఫ్రికాలోని డర్బన్ రేవు అలా చూడదగినది.

1860 నవంబరు 16న మద్రాసు నుండి ‘ట్రూరో’ ఓడ అక్కడికి చేరింది. చెరకు తోటల కోసం ఒప్పందంపై వెళ్లిన ఆ కూలీలలో తెలుగువారూ ముస్లిములూ ఉన్నారు. తరువాత గుజరాతీ వర్తకులు వెళ్లారు. వారిలో అబూబకర్ ఆమద్ ఝవేరీ, హాజీ మహమ్మద్ దాదా 1881లో గ్రే వీధిలో మస్జిదుకు స్థలం కొన్నారు. దాని పక్కనే కేథలిక్ చర్చి. రెంటి నడుమ మదరసా ఆర్కేడ్ బజారు.

యాత్రికుడు మినార్ల ఎత్తు చూస్తాడు. విశ్వాసి మాత్రం కూలీ, వర్తకుడు ఒకే సఫ్‌లో నిలువవలసిన నేలను చూడాలి. కట్టంగూరు నుండి పరదేశం వెళ్లే మన బిడ్డలు సంపాదనతోపాటు సత్కార్యాన్నీ అక్కడ నిలిపి రావాలి. అల్లాహ్ తౌఫీఖ్ ప్రసాదించుగాక! ఆమీన్.