నానీమా అప్పిచ్చిన కితాబులు

పోయిన షాబాన్‌లో మా నానీమా ఇల్లు ఖాళీ చేశాం. గుంటూరు జిల్లాలో ఒక పాత పెంకుటిల్లు అది. బర్తన్లు ఒకళ్లు, పలంగు ఒకళ్లు, పాన్‌దాన్ ఒకళ్లు తీసుకున్నారు. ఎవరికీ అక్కర్లేకుండా మిగిలింది ఒక ఇనుప సందూక్. తెరిస్తే కర్పూరం గోళీల వాసన, దాని కింద కితాబులు.

పెద్ద మామూ ఒక్క మాటలో ఫైసలా చేసేశాడు. "అల్లా పేరున్న కాగితాలు చెత్తలో వెయ్యకూడదు. చదివేవాళ్లా ఎవరూ లేరు. తీస్కెళ్లి కృష్ణలో ఠండా చేసేద్దాం."

ఆ మాటలో తప్పేం లేదు. మా ఖాందాన్‌లో అందరం ఖురాన్ చదువుతాం. రంజాన్‌లో ఖతం చేస్తాం. కానీ ఉర్దూ కితాబ్ తెరిస్తే మొదటి సతర్‌లోనే ఆగిపోతాం. రెండూ ఒకే అలిఫ్-బే కదా అని తెలియనివాళ్లు అనుకుంటారు. మీ ఇంట్లో పిల్లల్ని అడిగి చూడండి, తేడా వాళ్లే చెబుతారు. ఖురాన్ నస్ఖ్ లిపిలో ఉంటుంది. అక్షరాలు నిలకడగా, ఒకే గీత మీద కూర్చుంటాయి, జేర్ జబర్ పేష్ అన్నీ పెట్టి ఉంటాయి. ఉర్దూ నస్తాలీఖ్‌లో రాస్తారు. అక్షరాలు పైనుంచి కిందికి జారుతూ వస్తాయి, జేర్ జబర్ ఉండవు. పలుకు ముందే తెలిసినవాడికే మాట దొరుకుతుంది. ఇంట్లో మాట్లాడేది మన తురకమే అయినా, బడిలో నేర్చుకుంది అ ఆ ఇ ఈ. అందుకే సందూక్ ముందు అందరం అన్‌పఢ్‌లమయ్యాం.

నేను మాత్రం వాటిని మా ఇంటికి తెచ్చుకున్నా. మామూ నవ్వాడు.

మా మసీదు వెనక వీధిలో రిటైరైన ఉర్దూ టీచరమ్మ ఒకావిడ ఉన్నారు. ఆపాజాన్ అంటాం. జుమ్మా జుమ్మాకీ రెండేసి కితాబులు పట్టుకుని వెళ్లేవాణ్ణి. ఆవిడ చష్మా తుడుచుకుని, ముందు లోపలిది చదవకుండా కాగితాన్ని వేళ్లతో తడిమేవారు. "ఇది అచ్చక్షరం కాదు బాబూ, రాత" అన్నారు. నాకు అప్పటిదాకా తెలియదు. నస్తాలీఖ్‌కి సీసపు అచ్చులు పొయ్యడం మహా కష్టం. జర్మనీలో సెనెఫెల్డర్ 1796లో రాతి మీద అచ్చువేసే లిథో పద్ధతి కనిపెడితే, 1820లలో అది హిందూస్తాన్ చేరి మన కితాబులకే వరమైంది. కాతిబ్ జిడ్డు సిరాతో పేజీ మొత్తం చేత్తో రాస్తాడు, దాన్ని రాయి మీదికి దింపుతారు. 1858లో లక్నోలో మొదలైన మున్షీ నవల్ కిషోర్ ప్రెస్సు ఈ పద్ధతిలోనే వేల కితాబులు అచ్చేసింది. ఖురాన్‌ను పేదవాడి ఇంటి తాక్ దాకా చవకగా తెచ్చినవాళ్లలో ఆ హిందూ మున్షీగారిది పెద్ద వాటా. 1981లో నూరీ నస్తాలీఖ్ అనే కంప్యూటర్ అక్షరాలు వచ్చేదాకా ఉర్దూ అఖ్బార్లు సైతం రోజూ కాతిబ్‌లు కూర్చుని రాసినవే. ఇంటికి వచ్చే ప్రతి పేజీ ఒక మనిషి చేతిరాతన్నమాట.

మా నానా బతికున్న రోజుల్లో హైదరాబాద్ నుంచి సియాసత్ రైల్లో వచ్చేదట, ఒకరోజు బాసీగా. 1949 ఆగస్టు 15న మొదలైన పేపర్ అది. అసర్ తర్వాత ఆయన అరుగు మీద కూర్చుని పైకి చదివేవాడు. వినడానికి వీధిలో మగవాళ్లు వచ్చేవాళ్లు, పరదా వెనక ఆడవాళ్లు బియ్యం ఏరుకుంటూ వినేవాళ్లు. అఖ్బార్ ఒకటే, చదివేవాడు ఒకడే, చదువరులు పాతిక మంది. మౌనంగా ఎవరికివాళ్లు చదువుకోవడం మన ఇళ్లలో ఈమధ్య వచ్చిన అలవాటే.

సందూక్‌లో ఎక్కువ జాగా తీసుకుంది బహిష్తీ జేవర్. మౌలానా అష్రఫ్ అలీ థానవీ గారు 1900 తర్వాతి తొలి ఏళ్లలో ఆడపిల్లల కోసం రాసింది. ఒకప్పుడు జహేజ్‌లో ఖురాన్ తర్వాత అదే ఉండేది. దీన్ మసాయిల్ ఒక్కటే అనుకుంటాం గానీ, మొదటి హిస్సా అలిఫ్-బే దగ్గర మొదలవుతుంది, ఖత్ ఎలా రాయాలో నేర్పుతుంది. ఇది చిన్న విషయం కాదు. చాలా షరీఫ్ ఖాందాన్‌లలో ఆడపిల్లకి నాజిరా నేర్పేవాళ్లు, కలం మాత్రం ఇచ్చేవాళ్లు కాదు. రాయడం వస్తే పరాయి మగాడికి ఖత్ రాస్తుందని భయం. థానవీ గారు కలం చేతికిచ్చారు. పదో హిస్సాలో సబ్బు తయారీ, సిరా తయారీ, డాక్‌ఖానా ఖాయిదాలు కూడా ఉంటాయి. ఆడపిల్లలకి మంచి కితాబులేవో, చెరుపు చేసేవేవో ఒక జాబితా కూడా అక్కడే ఉంటుంది. చెరుపు చేసేవాటిలో డిప్టీ నజీర్ అహ్మద్ గారి మిరాతుల్ ఉరూస్‌ను సైతం చేర్చారు. 1869లో ఆడపిల్లల కోసమే రాసిన కితాబ్ అది! మౌలానా మీద నాకు ఇజ్జత్ ఉంది, ఆ జాబితాతో మాత్రం రాజీ లేదు.

నానీమాకీ లేనట్టుంది. సందూక్ అడుగున మిరాతుల్ ఉరూస్ ఉంది. దాని కింద, ఖురాన్ జుజ్‌దాన్ చింపి కుట్టిన గుడ్డలో, అలహాబాద్‌లో అచ్చయిన ఇబ్నె సఫీ జాసూసీ దునియా నావెల్స్ రెండున్నాయి. 1952లో మొదలైన సిరీస్ అది. ఆపాజాన్ వాటిని చూసి నోటికి దుపట్టా అడ్డం పెట్టుకుని నవ్వారు.

అసలు సంగతి బహిష్తీ జేవర్ హిస్సాల చివర, ఖాళీ పేజీల మీద ఉంది. నల్ల సిరాతో, వంకర టింకర రాత. మొదట పిల్లల పుట్టుకలు. పెద్ద మామూది 1373 రజబ్ 14. అంటే 1954 మార్చి. బడి సర్టిఫికెట్‌లో జూలై 1 అని ఉంటుంది, మన తరం తండ్రులందరూ జూలై 1నే పుట్టారు కదా. ఆ తర్వాత ఒక జాబితా: దర్జీ గారి బీబీ, మూడో హిస్సా. పోస్ట్‌మాస్టర్ గారి పెద్ద కూతురు, మొదటి హిస్సా. నీళ్ల ట్యాంకు పక్కింటి కోడలు, ఆరో హిస్సా. తిరిగొచ్చిన వాటి మీద అడ్డంగా ఒక గీత. వీధి ఆడవాళ్ల కుతుబ్‌ఖానా రిజిస్టర్ అది.

మామూకి ఫోన్ చేస్తే నమ్మలేదు. "అది మా అబ్బా రాత. అమ్మీకి చదవడమే వచ్చు, రాయడం రాదు. బ్యాంకులో అంగూఠా వేసేది, నేనే దగ్గరుండి వేయించా" అన్నాడు. నానా 1971లో పోయాడు. జాబితాలో 1395 తారీఖులున్నాయి, అంటే 1975. రాత మొదటి నుంచి చివరిదాకా ఒకటే. ఆ మాట చెప్పాక మామూ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "బ్యాంకు కాగితాలు తెలుగులో, ఇంగ్లీషులో ఉండేవి. ఉర్దూలో దస్తఖత్ చెయ్యొచ్చని మేమెవరం అడగలేదు" అన్నాడు.

జనాభా లెక్కల్లో ఏ భాషలోనైనా అర్థం చేసుకుని చదవడం, రాయడం రెండూ వస్తేనే అక్షరాస్యులు. చదవడం మాత్రమే వచ్చినవాళ్లను నిరక్షరాస్యుల్లో వేస్తారు. లెక్కలవాళ్లు వచ్చినప్పుడు ఆడవాళ్ల గురించి గుమ్మం దగ్గర జవాబిచ్చేది మగవాళ్లే. మా ఇంట్లో ఏం చెప్పి ఉంటారో నాకు అనుమానం లేదు. మీ నానీ, దాదీల గురించి ఏం చెప్పారో ఒకసారి అడిగి చూడండి.

కృష్ణ మాట మామూ మళ్లీ ఎత్తలేదు. పోయిన ఇత్వార్ నాడు బస్సెక్కి వచ్చాడు. చష్మా పెట్టుకుని, తను పుట్టిన తారీఖు ఉన్న సతర్ మీద వేలు పెట్టి చూపించమన్నాడు. చూపించా. ఆపాజాన్ దగ్గర ఇప్పుడు నేను ఉర్దూ దానీ కితాబ్ చదువుతున్నా, "పే" కీ "తే" కీ చుక్కలు ఇంకా తప్పుతున్నా.

సందూక్‌లో తొమ్మిది హిస్సాలే ఉన్నాయి. పదోది, ఆ జాబితా ఉన్నది, 1395లో సాయిబుల బజారు చివరింటి కొత్త కోడలు తీసుకెళ్లింది. దాని మీద గీత లేదు.