తూటాల పునర్నింపు

తూటాల పునర్నింపు అనగా ఒకసారి కాల్చిన తూటా యొక్క ఖాళీ ఇత్తడి తొడుగులో కొత్త ప్రైమరు, మందు, గుండు అమర్చి దానిని మళ్ళీ వాడుకకు సిద్ధం చేయడం. దీనిని రీలోడింగ్ అనీ, హ్యాండ్‌లోడింగ్ అనీ వ్యవహరిస్తారు. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో వేటగాళ్ళు, గురి పోటీలలో పాల్గొనేవారు ఈ పనిని ఇంటివద్దనే చేసుకుంటారు. ఖర్చు తగ్గడం, తమ తుపాకికి తగిన తూటాను తయారుచేసుకోగలగడం, అంగళ్ళలో అరుదుగా దొరికే పాతరకం తూటాలను సమకూర్చుకోవడం దీనివలన కలిగే ప్రయోజనాలు. తక్కువ పెట్టుబడితో ప్రారంభించేవారు ఏ వస్తువులో పొదుపు చేయవచ్చునో, ఏ వస్తువులో చేయరాదో ముందుగా తెలుసుకోవడం అవసరం.

తూటాలోని భాగాలు

వాడుక భాషలో గుండును కూడా తూటా అంటారు. నిజానికి తూటాలో నాలుగు భాగాలు ఉంటాయి: ఇత్తడి తొడుగు, దాని అడుగున ఉండే ప్రైమరు, లోపలి పొగలేని మందు, మూతివద్ద బిగించిన గుండు. తుపాకి పేలినపుడు తొడుగు ఒక్కటే మళ్ళీ పనికివచ్చే స్థితిలో మిగులుతుంది. సాధారణంగా నాలుగింటిలో ఖరీదైన భాగం అదే. పునర్నింపులోని పొదుపుకు ఇదే మూలం.

ప్రైమర్లు ప్రధానంగా రెండు రకాలు. బ్రిటిష్ సైనికాధికారి ఎడ్వర్డ్ బాక్సర్ పేరుమీద వచ్చిన రకానికి తొడుగు అడుగున మధ్యలో ఒకే రంధ్రం ఉంటుంది. సన్నని పిన్నుతో నెడితే పాత ప్రైమరు సులభంగా ఊడివస్తుంది. అమెరికన్ హైరమ్ బెర్డాన్ పేరుమీద వచ్చిన రకానికి సాధారణంగా రెండు చిన్న రంధ్రాలు ఉంటాయి, దానిని ఊడదీయడం కష్టం. అందుచేత ప్రారంభకులు బాక్సర్ రకాన్నే ఎన్నుకుంటారు. .22 రిమ్‌ఫైర్ తూటాలకు విడి ప్రైమరు ఉండదు కనుక అవి ఈ పనికి అనుకూలం కావు.

చరిత్ర

జాన్ బార్లో 1884లో అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో ఐడియల్ సంస్థను నెలకొల్పి, పటకారు ఆకారపు చేతి పరికరాలను అమ్మాడు. 1925లో ఈ సంస్థను లైమన్ సంస్థ కొనుగోలు చేసింది. 1943లో కాలిఫోర్నియాలోని ఓరోవిల్ పట్టణంలో ఫ్రెడ్ హంటింగ్టన్ ఆర్‌సీబీఎస్ సంస్థను ప్రారంభించాడు. 1958లో విస్కాన్సిన్‌కు చెందిన రిచర్డ్ లీ రూపొందించిన లీ లోడర్ స్వల్పాదాయం గలవారికి ఈ విద్యను అందుబాటులోకి తెచ్చింది. ఒక చిన్న పెట్టెలో ఇమిడే ఈ పరికరాన్ని మామూలు సుత్తితో కొట్టి వాడతారు. 2013లోనూ, 2020 తరువాతనూ అమెరికాలో తూటాల కొరత ఏర్పడినపుడు ప్రైమర్లు కూడా దొరకలేదు. కొరతకు పునర్నింపు సంపూర్ణ పరిష్కారం కాదని దీనివలన తేలింది.

పని విధానం

పేలుడు ఒత్తిడికి తొడుగు కొద్దిగా ఉబ్బుతుంది. దానిని శుభ్రపరచి, పగుళ్ళున్న వాటిని ఏరివేసి, డై అనే ఉక్కు అచ్చులోకి నెట్టి పూర్వపు కొలతకు తెస్తారు. ఆ నెట్టుడులోనే సాధారణంగా పాత ప్రైమరు కూడా ఊడిపోతుంది. రైఫిల్ తొడుగులు సాగుతాయి కనుక అవసరమైతే వాటి పొడవును కత్తిరిస్తారు. తరువాత కొత్త ప్రైమరు అమర్చి, తూచిన మందును గరాటుతో పోసి, గుండును నిర్ణీత లోతుకు బిగిస్తారు.

పరికరాలు, పొదుపు

ఒక్కసారికి ఒక్క పనిచేసే సింగిల్ స్టేజ్ ప్రెస్ ప్రారంభకులకు అనువైనది. పోత ఇనుముతో చేసిన ప్రెస్సులు దశాబ్దాలపాటు మన్నుతాయి కనుక పాతది కొన్నా నష్టం లేదు. తిన్నని పిస్తోలు తొడుగులకు కార్బైడ్ డై వాడితే నూనె పూయవలసిన అవసరం ఉండదు. తొడుగులను కడగడానికి యంత్రం లేకపోయినా సబ్బు నీరు సరిపోతుంది, అయితే పూర్తిగా ఆరనివ్వాలి. తొడుగులను నిలబెట్టే దిమ్మెను చెక్కకు రంధ్రాలు చేసి ఇంటిలోనే తయారుచేసుకోవచ్చు.

త్రాసు, వెర్నియర్ కాలిపర్స్, రక్షణ కళ్ళద్దాలు, మందు తయారీదారులు ప్రచురించే కొలతల పుస్తకం — వీటిలో పొదుపు పనికిరాదు. మందును గ్రెయిన్లలో తూస్తారు. ఒక గ్రెయిను సుమారు 65 మిల్లీగ్రాములు. ఇంత చిన్న తూకంలో పొరపాటు జరిగితే తుపాకే పగిలిపోవచ్చు.

ఖర్చు లెక్క

ఒక పౌను మందులో 7000 గ్రెయిన్లు ఉంటాయి. తూటాకు 5 గ్రెయిన్లు పట్టే పిస్తోలుకు 1400 తూటాలు, 50 గ్రెయిన్లు పట్టే రైఫిలుకు 140 తూటాలు వస్తాయి. ప్రైమరు, గుండు ధరలను దీనికి కలిపి అంగడి ధరతో పోల్చాలి. చౌకగా దొరికే 9 మి.మీ. తూటాలలో మిగులు స్వల్పం. ఖరీదైన రైఫిల్ తూటాలలో మిగులు ఎక్కువ. తూటా చౌక అయినకొద్దీ ఎక్కువగా కాల్చడం జరుగుతుంది కనుక మొత్తం ఖర్చు తగ్గకపోవచ్చు.

జాగ్రత్తలు

ఒకే తొడుగులో రెండుసార్లు మందు పోయడం అతి ప్రమాదకరం. రెండు కొలతలు పోస్తే పొంగిపొరలే మందును ఎంచుకోవడం దీనికి మంచి ఉపాయం. మందు పోయడం మరచినచో ప్రైమరు శక్తికే గుండు కదలి తుపాకి గొట్టంలో ఇరుక్కోవచ్చు. శబ్దం బలహీనంగా వినిపించినపుడు కాల్పు ఆపి గొట్టం చూడాలి. చూడకుండా మరల కాల్చినచో గొట్టం పగిలిపోగలదు. పుస్తకంలోని ప్రారంభ కొలతతోనే మొదలుపెట్టాలి. బల్లపై ఒకే రకం మందు ఉంచాలి, దానిని కొన్న డబ్బాలోనే నిలవచేయాలి. చీటీ లేని మందును వాడరాదు. సీసపు ధూళి విషపూరితం కనుక పని ముగియగానే చేతులు కడుక్కోవాలి.

చట్టం

అమెరికాలో స్వంత వాడుకకు తూటాలు నింపుకోవడానికి సమాఖ్య లైసెన్సు అవసరం లేదు, అమ్మకానికి చేయాలంటే అవసరం. రాష్ట్రాల నిబంధనలు వేరుగా ఉంటాయి. హెచ్-1బి వంటి తాత్కాలిక వీసాలపై ఉన్నవారు వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు ఉంటే తప్ప తుపాకులను గానీ తూటాలను గానీ కలిగి ఉండటాన్ని సమాఖ్య చట్టం నిషేధించింది. అక్కడి తెలుగువారు ఈ సంగతి గమనించవలసి ఉంటుంది.

భారతదేశంలో 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షను ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయరాదు. తుపాకి కలిగి ఉండేందుకు ఇచ్చే లైసెన్సు దీనికి వర్తించదు. కావున ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో తుపాకి లైసెన్సు ఉన్నవారికైనా ఇది ఇంటిలో చేసుకోదగిన పని కాదు.