పిశవి విప్పని సామాన్లు

ఇంతకుముందు ఈ పేజీల్లో మా వాళ్లు సోలాపూర్ ఎట్లా చేరిందీ, పూర్వభాగ్‌లో మొదటి మగ్గం ఎక్కడ వేసిందీ రాసుకున్నాం. ఈసారి సంగతి చూడడానికి చిన్నదే. కొత్త సామాను కొని తెచ్చినాక దాని మీది ప్లాస్టిక్ తీయకుండా ఏండ్ల తరబడి అట్లాగే వాడుకోవడం. ఫ్రిజ్ తలుపు మీద నీలం పొర, రిమోట్‌కు సంచి, గోడ గడియారం అద్దానికి అతుక్కుని ఉన్న పలచటి కాగితం లాంటిది. చుట్టాల ఇండ్లల్ల చూసి నవ్వుకుంటాం, మన ఇంట్లోది మన కంటికి ఆనదు. మొదట కావాలనే ఉంచుతారు, తర్వాత మరిచిపోతారు. ఆ మరుపుకు కూడా ఒక చరిత్ర ఉంటదా అని అడిగితే, నేసేవాళ్ల ఇండ్లల్ల మాత్రం ఉంటదనే చెప్పాలి.

ప్లాస్టిక్ రాకముందు మా ఇండ్లల్ల కప్పులు లేవనుకోవద్దు. పద్మశాలోళ్ల పురాణం ప్రకారం మార్కండేయ మహర్షి కొడుకు భావనా ఋషి తామర నారతో దేవతలకు బట్ట నేసినవాడు. అంటే కప్పడమే మా మొదటి పని. 1860లో సోలాపూర్‌కు రైలు వచ్చింది. 1870లలో మొదటి నూలు మిల్లు లేచింది, ఊళ్లో అందరూ జూనీ మిల్ అనేది దాన్నే. 1876-78 కరువు తర్వాత నిజాం రాజ్యంలోని తెలంగాణ ఊర్ల నుంచి మన వాళ్లు గుంపులు గుంపులుగా ఇటు వచ్చారు. మా వాళ్లు కూడా ఆ దారినే వచ్చారు. వెంట తెచ్చుకున్న సామాను తక్కువ. ఉన్న నాలుగింటికీ గుడ్డ చుట్టే ఉండేది. రాత్రి మగ్గం మీద పాత ధోవతి కప్పేవాళ్లు. నేసిన మేర మీద చెమట పడకుండా ఒక గుడ్డ పరిచి ముందుకు నేసుకుంటూ పోయేవాళ్లు. పరుపుకు, దిండుకు గలీబు. పెట్టెకు గవుసెన.

ఈ కప్పులన్నిటికీ ఒక లక్షణం ఉంది. అవి సామాను ఇంటికి వచ్చినాక ఇంటివాళ్లు వేసినవి. మాసితే తీసి ఉతికి మళ్లీ వేసేవి. కప్పిందెవరో, తీసేదెవరో ఇంట్లో అందరికీ తెలుసు.

ఇంకొకటి. కొత్త వస్తువు పాతదయ్యే ఘడియ ఒకటి ఉండేది. కొత్త చీరైనా ధోవతైనా కొంగు మూలకు ఇంత పసుపు అద్ది కట్టుకునేవాళ్లు. ఆ పసుపుతో బట్ట మనది అయినట్టు లెక్క, ఇక మాసినా చిరిగినా దిగులు లేదు. కొత్త బిందె మీద పేరు కొట్టిస్తే ఇక అది దుకాణందారు వాపసు తీసుకునే వస్తువు కాదు. మరాఠీవాళ్లు కొత్త చీర మొదటిసారి కట్టుకోవడాన్ని ఘడీ మోడణే అంటారు, మడత విరవడం అన్నమాట. మా ఇండ్లల్ల కూడా ఆడవాళ్లు 'ఘడీ విరిచినవా?' అని సగం తెలుగు సగం మరాఠీలో అడుగుతారు. ప్లాస్టిక్ వచ్చినాక పోయిందీ ఈ విరవడమే.

ప్లాస్టిక్ ముచ్చట కొంచెం దూరం నుంచి మొదలుపెట్టాలి. సంచులకూ పొరలకూ వాడే పాలిథీన్‌ను ఎవరూ వెతికి కనుక్కోలేదు. 1933 మార్చిలో ఇంగ్లండ్‌లోని నార్త్‌విచ్ దగ్గర ఐ.సి.ఐ. కంపెనీ ప్రయోగశాలలో రెజినాల్డ్ గిబ్సన్, ఎరిక్ ఫాసెట్ అనే ఇద్దరు ఎథిలీన్ వాయువును బాగా ఒత్తిడిలో పెట్టి వేరే ఏదో చూస్తుంటే, పాత్ర అడుగున మైనం లాంటి తెల్లటి పదార్థం మిగిలింది. 1939లో దాన్ని పెద్ద ఎత్తున తయారు చేయడం మొదలైంది. యుద్ధకాలంలో రాడార్ తీగలకు తొడుగుగా వాడారు. ఇంట్లోకి వచ్చింది తర్వాతే. మన దేశంలో 1959లో బెంగాల్‌లోని రిష్రాలో పాలిథీన్ కర్మాగారం మొదలైంది, రెండేండ్లకు బొంబాయి పక్కన ట్రాంబేలో ఇంకొకటి. అక్కడి నుంచి సోలాపూర్‌కు ఒక రాత్రి ప్రయాణం.

మా గల్లీలోకి అది వచ్చింది ఇంటి వస్తువుగా కాదు, వ్యాపారం సరుకుగా. సోలాపూర్ చద్దరు తెలియని తెలుగు ఇల్లు ఉండదు. జకార్డు మీద నేసిన నెమళ్లు, పూలు, రెండు వైపులా రెండు రంగుల్లో కనబడే నమూనా. పాతకాలంలో చద్దర్లను డజన్ల లెక్కన కట్ట కట్టి, కాగితం చుట్టి, పైన గోనె కుట్టి రైలుకు వేసేవాళ్లు. దుకాణంలో కట్ట విప్పి గిరాకీకి పరిచి చూపాలి. పది మంది చేతులు పడితే పదకొండోవాడికి అది పాత చద్దరే. పారదర్శకమైన పిశవి, అంటే మరాఠీలో సంచి, వచ్చినాక ఈ బాధ పోయింది. మడతలో నెమలి పైకి కనబడేటట్టు పెట్టి, మూతి మూసేస్తే చాలు. దుమ్ము లేదు, చేతి మరక లేదు. మా అవ్వ పొద్దంతా బీడీలు చుట్టి, సాయంత్రం మా తాత కార్ఖానాలో చద్దర్లు మడిచి పిశవులలో వేసేది. నెమలి తల మడతలో విరగకుండా పెట్టడం ఆమెకు వచ్చినట్టు ఇంకెవరికీ రాదని మా పెద్దనాయన ఇప్పటికీ అంటడు.

దుకాణం దాకా ప్రయాణం చేయడానికి వేసిన ఆ పిశవి దుకాణం దగ్గర ఆగలేదు. ఇక్కడ పెండ్లిళ్లలో ఆహేర్ పెడతారు, మనం కట్నాలు చదివించినట్టు. టవలూ టోపీ, జాకెట్టు ముక్క, కొంచెం దగ్గరివాళ్లయితే చద్దరు. పిశవిలో ఉన్న చద్దరు చేతికి వస్తే ఎవరైనా ఏం చేస్తారు? బీరువాలో పెట్టి, వచ్చే పెండ్లికి ఇంకొకరికి పెడతారు. విప్పితే అది ఇంటి దుప్పటి, విప్పకపోతే చెల్లుబాటయ్యే నోటు. ఒకే చద్దరు ఐదారు పెండ్లిళ్లు తిరిగి, ఒక్క మనిషి మీద కూడా పడకుండా, చివరికి నేసినవాళ్ల ఇంటికే తిరిగి వచ్చిన సంగతి మా ఇంట్లో నవ్వుతూ చెప్పుకుంటారు. మా అవ్వ తన మడతను చూసి గుర్తుపట్టిందట.

టీవీ, రేడియోల దగ్గర ఇంకా పాత పద్ధతే నడిచింది. రేడియోకు తోలు సంచి ఉండేది. టీవీకి మా పెద్దత్త దారంతో అల్లిన తెర కుట్టింది. 1987లో ఆదివారం పొద్దున రామాయణం వచ్చేటప్పుడు ఆ తెర లేపడం గుడిలో తెర తీసినట్టే ఉండేదట. ఆట అయిపోగానే మళ్లీ దింపేది. ఇది మరుపు కాదు, రోజూ గుర్తుపెట్టుకుని చేసే పని.

మరుపు ఫ్రిజ్‌తో వచ్చింది. గల్లీ ఆడవాళ్ల భిశీలో, అదే చిట్టీలో, అవ్వ పేరు ఎత్తిన నెలలో కొంత కట్టి మిగతాది హప్తాల మీద తెచ్చారు. తలుపు మీద, పిడి మీద, లోపలి అరల మీద పొర. నాయన తీయబోతే తాత ఒకటే మాట అన్నడట: 'హప్తాలు తీరనియ్యి, అప్పటిదాక అది మనది గాదు.' ఆ మాటలో పొదుపు కన్న భయమే ఎక్కువ ఉంది. మిల్లులు మూతపడుతున్న కాలం, పవర్‌లూమ్ మజూరి వారం వారం మారే కాలం. కట్టలేకపోతే సామాను తీసుకపోతారు, మరక లేకుంటే ధర వస్తది. అప్పుచేసి కొన్నవాని ఇంట్లో ఆ పొర ఒక రకం జమానతు.

సామాను వచ్చిన రోజునే పూజ కూడా అయింది. పసుపు, కుంకుమ, కొబ్బరికాయ. బొట్టు పెట్టింది ప్లాస్టిక్ మీద! ఖండే నవమి నాడు మగ్గాలతో పాటు ఫ్రిజ్‌కూ బొట్టు, అదీ ప్లాస్టిక్ మీదే. ఇక పొర తీయాలంటే బొట్టు చింపినట్టు అయితది. హప్తాలు తీరిన నెల ఎవరికీ గుర్తు లేదు. చద్దరుకు పసుపు మూలన పెడితే అది విప్పడానికి అనుమతి. ఇక్కడ అదే పసుపు విప్పకుండా ముద్ర వేసింది. చాలా ఇండ్లల్ల మరుపు అనేది ఇట్లాగే మొదలైందని మా నమ్మకం. తీసే పని ఎవరిదో ఎవరూ చెప్పలేదు.

ఇందులో నష్టం లేదా అంటే ఉంది. స్టీలు మీద, గాజు మీద వచ్చే ఆ పొర పలచని పాలిథీన్, దానికి ఒక వైపు తేలికపాటి బంక. కార్ఖానా నుంచి ఇంటి దాకా గీతలు పడకుండా చూడడమే దాని పని. కొన్ని నెలల లోపు తీస్తే మరక లేకుండా లేచి వస్తది. ఎండ, వేడి తగిలితే బంక గట్టిపడి, పొర పెళుసై, గోటితో గీకినా ముక్కలు ముక్కలుగా తప్ప రాదు. సోలాపూర్ ఎండ సంగతి చెప్పే పని లేదు. అంచులు లేచిన చోట నీళ్లు, ఉప్పు దూరి నిలబడితే స్టీలు కూడా మచ్చలు పడతది, ఎందుకంటే తుప్పు పట్టకుండా కాపాడేది గాలి తగిలితే ఏర్పడే పొరే. గ్యాస్ పొయ్యి మీద ఉంచితే కరిగి అంటుకుంటది, అది ప్రమాదం కూడా. మిక్సీకి, టీవీకి గాలి రంధ్రాలు మూసుకుపోతే లోపల వేడెక్కుతది. కొత్త పరుపును ప్లాస్టిక్‌లోనే ఉంచితే చెమట తేమ పోయే దారి లేక బూజు పడతది.

వీటన్నిటి కన్న మమ్మల్ని బాధపెట్టింది పట్టుచీర. మా చిన్నత్త పెండ్లి చీర, అసలు వెండి జరీది. పాత పద్ధతిలో అయితే పట్టుచీరను ఉతికిన మల్లు ధోవతిలో చుట్టి, ఏడాదికి రెండుసార్లు తీసి, మడత మార్చి, నీడన ఆరబెట్టాలి. నేసే ఇంట్లో ఇది పిల్లలకు కూడా తెలిసిన విషయం. కానీ దుకాణం పిశవి శుభ్రంగా ఉంది, మూతి ఉంది, చీర కనబడుతుంది. అట్లనే బీరువా పైఅరలో ఉండిపోయింది. పదిహేనేండ్లకు తీస్తే జరీ నల్లబడింది. లోపల చిక్కుకున్న తేమలో గంధకం తగిలిన వెండి అట్లే అయితది. మారని మడతలో పట్టు గీతగీతగా పగిలింది. బట్టకు ఊపిరి కావాలని తరతరాలుగా తెలిసిన ఇంట్లో ఇది జరిగింది. తెలివి పోలేదు, పిశవిని చూసి అది కూడా బట్టలాంటి కప్పే అనుకున్నారు. బట్ట గాలిని రానిస్తది, పాలిథీన్ రానియ్యదు. ఒక్క తేడా.

2018 మార్చి 23న మహారాష్ట్ర ప్రభుత్వం ప్లాస్టిక్ సంచుల మీద నిషేధం తెచ్చినప్పుడు మా గల్లీలో గాబరా పడ్డారు. తయారీ చోట వేసే ప్యాకింగుకు సడలింపు ఇచ్చారు గనుక చద్దరు పిశవి పోలేదు.

అవ్వ పోయినాక ఆమె బీరువా తీసినం. పదకొండు చద్దర్లు, పదకొండూ పిశవుల్లోనే. జీవితమంతా వేల చద్దర్లు మడిచిన మనిషి చివరి దాకా కప్పుకున్నది తన పాత చీరలు పొరలు పొరలుగా కుట్టిన బొంత. అడిగితే 'అవి పెట్టువడికి గదా' అనేది. చీటీలు చూస్తే ఎక్కువ భాగం మూతపడ్డ కార్ఖానాలవి. అందులో ఒకటి మా తాత కార్ఖానాది, ముదురు ఎరుపు మీద తెల్ల నెమలి. ఆ నమూనా జకార్డు అట్టలు మగ్గాలు అమ్మినప్పుడే తూకానికి పోయినయి. వాడుకున్న చద్దర్లు అరిగి, చిరిగి, పొయ్యి దగ్గరి మసిగుడ్డలైనయి. విప్పలేదు గనుక ఈ ఒక్కటి మిగిలింది. ప్లాస్టిక్ మీద ఎంత కోపం ఉన్నా ఈ మాట రాయకపోతే న్యాయం కాదు.

దాన్ని ఏం చేయాలన్న దాని మీద ఇంట్లో పెద్ద వాదమే అయింది. పిల్లలు అద్దం పెట్టెలో పెడదామన్నారు. పెద్దత్త ఒప్పుకోలేదు: 'అద్దం పెట్టె ఇంకో పిశవే గదరా, ఆమెకు చేసిందే దీనికీ చేస్తరా?' చివరికి రెండు వైపులా నమూనా ఫొటోలు తీసి, ఒక జానెడు మేర పోగులు లెక్కపెట్టి రాసి పెట్టుకున్నాం. తర్వాత పిశవి కోసినం. మడతల మీద పసుపు చారలు ఉన్నాయి గాని పోగు గట్టిగానే ఉంది. అత్త మూలకు పసుపు అద్ది నీళ్లలో వేసింది. మొదటి ఉతుకులో ఎరుపు కొంచెం దిగింది, గంజి పోయి మెత్తబడింది. మిగతా పది పంచుకున్నాం. ఆ నెమలి చద్దరు ఈ చలికాలం అత్త మంచం మీద ఉంది.