తాళము వారిది, సొత్తు మనది

పరుల సొత్తును చేజిక్కించుకొని, దానిని తిరిగి యిచ్చుటకు మూల్యము కోరుట మానవజాతికి క్రొత్త గాదు. సముద్రపు దొంగలు ఓడలను పట్టుకొని, బందిపోట్లు బాటసారులను చెరపట్టి, అయినవారినుండి విమోచన ధనము రాబట్టినట్లు చరిత్ర చెప్పుచున్నది. మన కాలమున ఈ వృత్తి ఇంటిలోని కంప్యూటరులోనికి ప్రవేశించినది. ఇందులో దొంగ సొత్తును ఎత్తుకొనిపోనక్కరలేదు. ఉన్నచోటనే ఉంచి, పైన తన తాళము వేసిపోవును. కూతురి పెండ్లి ఛాయాచిత్రములు, గతించిన తల్లిగారి కంఠస్వరము, ఇంటి లెక్కలు, పిల్లల చదువు కాగితములు అన్నియు పేరునకు యంత్రములోనే యుండును, ఒక్కటియు తెరచుకొనదు. ఇంత ధనము, ఇన్ని గంటలలోగా చెల్లింపవలెనను తాఖీదు మాత్రము తెరమీద కనిపించును. దీనిని రాన్సమ్‌వేర్ అని పిలుచుచున్నారు.

ఈ దౌష్ట్యము పుట్టి ముప్పదియైదు సంవత్సరములు దాటినది. దీని చరిత్రను శ్రోతలకు చెప్పుట కేవలము కుతూహలము తీర్చుటకు గాదు. ఆపద వచ్చిననాడు ఏమి చేయవలెనో, అంతకంటె ముఖ్యముగా ఏమి చేయరాదో, ఆ చరిత్రయే నేర్పగలదని మా నమ్మకము.

1989 డిసెంబరులో పలు దేశములలోని వైద్య పరిశోధకులకును, ఒక కంప్యూటరు పత్రిక చందాదారులకును తపాలాలో ఫ్లాపీ డిస్కులు అందినవి. మొత్తము సుమారు 20,000. ఎయిడ్స్ వ్యాధిని గురించిన సమాచారము ఇందులో కలదని పైన చీటి అంటించి యున్నది. డిస్కును యంత్రములో పెట్టినవారికి ఆ వ్యాధిని గురించిన ప్రశ్నావళి నిజముగనే కనిపించినది. కాని దాని చాటున మరియొక ప్రోగ్రాము లోపల తిష్ఠవేసి, యంత్రమును ఎన్నిసార్లు ఆరంభించినదియు లెక్కపెట్టుచుండెను. లెక్క తొంబదికి చేరగానే ఫైళ్ళ పేర్లను గుర్తుపట్టరాని అక్షరములుగా మార్చివేసి, పనామా దేశములోని ఒక తపాలా పెట్టెకు 189 డాలర్లు పంపవలసినదని ఆజ్ఞాపించినది.

దీనికి కర్తగా జోసెఫ్ పాప్ అను అమెరికా జీవశాస్త్రజ్ఞుని పట్టుకొని, విచారణకై బ్రిటనుకు పంపినారు. మానసిక స్థితి సరిగా లేదను కారణమున 1991లో అతడు విచారణకు అర్హుడు కాడని తేల్చినారు. ఇంతలో జిమ్ బేట్స్ అను బ్రిటిషు నిపుణుడు ఆ ప్రోగ్రామును విప్పి పరిశీలించినాడు. ఫైళ్ళలోని విషయము చెక్కుచెదరలేదు. పేర్లు మాత్రమే మారినవి. వానిని సరిచేయుటకు కావలసిన సూత్రము ఆ ప్రోగ్రాములోనే యున్నది. తాళము వేసితిని, గొళ్ళెము మరచితిని అన్న సామెత ఇచట దొంగకే వర్తించినది. బేట్స్ తయారుచేసిన విరుగుడు ఉచితముగ పంచిపెట్టబడినది. అయినను ఈలోపుననే భయపడి తమ డిస్కులను పూర్తిగ తుడిచివేసికొన్నవారు కొందరు కలరు. వారి నష్టము దొంగ చేసినది కాదు, తొందరపాటు చేసినది.

ఇటువంటి దొంగ తెలివిమీరిన నాడు ఏమగునో 1996లో ఆడమ్ యంగ్, మోటీ యుంగ్ అను ఇద్దరు తమ పరిశోధన పత్రమున వివరించి హెచ్చరించినారు. దానిని అర్థము చేసికొనుటకు మన తాళపు కప్పను తలచుకొన్న చాలును. నొక్కిన పడిపోవు కప్పను మూయుటకు చెవితో పని లేదు. తెరచుటకు మాత్రము చెవి కావలెను. 1970లనాటికే గణితవేత్తలు అట్టి గూఢలిపిని కనుగొనియుండిరి. మూయుటకు ఒక సంఖ్య, తెరచుటకు వేరొక సంఖ్య. మొదటిదానినిబట్టి రెండవదానిని ఊహించుట దుస్సాధ్యము. నేడు బ్యాంకులతో మనము జరుపు వ్యవహారములకు రక్షణ యిచ్చు విద్యలలో ఇదియు ఒకటి. దొంగ ఆ కప్పను మాత్రమే మన యింటికి పంపి, చెవిని తనయొద్ద ఉంచుకొన్నచో, యంత్రమును ఎంత వెదకినను చెవి దొరకదు. రక్షణకై పుట్టిన విద్య దోపిడికి పనిచేయు మార్గమును వారు ముందే చూపినారు.

పదేండ్లు గడువకముందే అది నిజమైనది. 2006లో జీపీకోడ్ అను ప్రోగ్రాము ఈ పద్ధతిని అనుసరించినది. 2008లో వచ్చిన దాని రూపాంతరము వేసిన తాళమును రష్యాలోని కాస్పర్‌స్కీ సంస్థ నిపుణులు భేదింపలేకపోయిరి. అయితే వారు మరియొక దారి కనిపెట్టినారు. ఆ ప్రోగ్రాము ఒక్కొక్క ఫైలునకు గూఢలిపి ప్రతిని తయారుచేసి, అసలు ఫైలును తొలగించుచుండెను. కంప్యూటరులో తొలగించిన ఫైలు వెంటనే నశింపదు. ఆ చోట క్రొత్తది వ్రాయువరకు దాని జాడ మిగిలియే యుండును. అందువలన, ఉత్పాతము జరిగిన పిమ్మట యంత్రమును వాడక కదలింపక ఉంచినవారు చాలవరకు తమ ఫైళ్ళను తిరిగి పొందగలిగిరి.

ఇక దొంగకు మిగిలిన చిక్కు ధనము అందుకొనుట. తపాలా పెట్టె పోలీసులకు దారి చూపును. 2009లో పుట్టిన బిట్‌కాయిన్ అను నాణెము ఆ చిక్కును చాలవరకు తొలగించినది. 2013 సెప్టెంబరులో బయలుదేరిన క్రిప్టోలాకర్ దీనిని ఉపయోగించుకొన్నది. ఈ–మెయిలు వెంట వచ్చిన పత్రమును ఏదో రసీదు అనుకొని తెరచినవారి యంత్రములన్నియు దాని వశమైనవి. గడువు 72 గంటలు. కాని పలు దేశముల పోలీసులు కలిసి 2014లో ఆ ముఠా ఉపయోగించిన యంత్రముల వలను స్వాధీనము చేసికొనగా, తాళపుచెవుల జాబితాయే చిక్కినది. ఆ యేడు ఆగస్టులో ఎవరి చెవిని వారికి ఉచితముగ ఇచ్చు ఏర్పాటు జరిగినది.

2015లో టెస్లాక్రిప్ట్ అనునది వచ్చినది. పిల్లలు ఆడుకొను ఆటల ఫైళ్ళను సైతము అది విడిచిపెట్టలేదు. మరుసటి సంవత్సరము మే నెలలో ఆ ముఠా తన దందాను కట్టిపెట్టుచున్నట్లు కనిపించగా, ఈసెట్ అను సంస్థకు చెందిన పరిశోధకుడు చెవిని ఇచ్చివేయుదురా అని వారినే అడిగినాడు. వారు క్షమాపణ చెప్పి, అన్ని తాళములను తెరచు చెవిని బహిరంగముగ ప్రకటించిరి! ఈ రెండు సందర్భములలోను మేలు పొందినదెవరు? తాళము పడిన ఫైళ్ళను పనికిమాలినవని పారవేయక, ఓపికతో దాచుకొన్నవారు.

2017 మే 12వ తేదీన విజృంభించిన వన్నాక్రై సంగతి పలువురికి జ్ఞాపకముండును. కొద్ది దినములలో 150 దేశములలో రెండు లక్షలకు పైగా యంత్రములు దాని వాతబడినవి. ఇంగ్లండులో అనేక ఆసుపత్రుల పని స్తంభించినది. మన దేశమున ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖకు చెందిన కొన్ని కంప్యూటర్లను కూడ అది తాకినది. అది జొరబడిన కన్నము విండోస్‌లో నున్నది. ఆ కన్నమును పూడ్చు సవరణను మైక్రోసాఫ్ట్ సంస్థ అంతకు రెండు నెలల ముందే, మార్చి 14వ తేదీన, వెలువరించియుండెను. దానిని అమర్చుకొననివారే ఎక్కువగ చిక్కినారు. ధనము చెల్లింపుమని అది చూపిన చిరునామాలు మూడే మూడు; ఏ సొమ్ము ఎవరు పంపినదియు గుర్తించు ఏర్పాటు సరిగా లేదు. అట్టి దొంగకు చెల్లించుట నూతిలో పారవేయుటతో సమానము.

ఈ దోపిడీలలో నేటి గృహస్థునకు మిక్కిలి సమీపమైనది 2018లో తలయెత్తిన స్టాప్ అను కుటుంబము. డీజేవీయూ అనియు దీనికి పేరు. ఇది ఆసుపత్రుల జోలికి గాక, ప్రధానముగ సామాన్యుల ఇండ్లకు వచ్చినది. కోరిన మూల్యము 980 డాలర్లు. మూడు దినములలో చెల్లించినచో సగము. ఇది ఎట్లు వచ్చినదో తెలిసినచో మనకు కొంత సిగ్గు కలుగును. వెల చెల్లించి కొనవలసిన ప్రోగ్రాములను ఉచితముగ నడిపించునట్టి దొంగ ప్రతులను దించుకొనుటయే ముఖ్య మార్గము. ఉచితమను ఆశ ఇంటి ద్వారమును లోపలినుండి తెరచినది. 2019 అక్టోబరులో ఎమ్సిసాఫ్ట్ సంస్థ దీని 148 రకములకు విరుగుడు ప్రకటించినది. తరువాతి రకములు గట్టి తాళమును వాడినవి. వానిలోను, ఆ ప్రోగ్రాము తన యజమానుని యంత్రముతో సంబంధము కుదరక, తనతో తెచ్చుకొన్న ఉమ్మడి తాళమును వేసియున్నప్పుడు, ఆ చెవి ఎన్నడైనను దొరకినచో ఫైళ్ళు తెరచుకొనుటకు వీలున్నది.

ఈ చరిత్రనుండి గ్రహింపదగిన ఆచరణ ఇది. తాఖీదు కనిపించగానే మొదట ఇంటర్నెట్టు సంబంధమును త్రెంచవలెను; తగిలించియున్న పెన్‌డ్రైవులను, అదనపు డిస్కులను ఊడదీయవలెను. తాఖీదును ఫోనుతో ఛాయాచిత్రము తీసియుంచవలెను. దేనిని తుడిచివేయరాదు; తెలిసినవారు చూచువరకు యంత్రమును ఇతర పనులకు వాడరాదు. తాళము పడిన ఫైళ్ళ ప్రతిని వేరొక డిస్కులో భద్రపరుపవలెను. పిదప, పాడుకాని మరియొక యంత్రమునుండి ‘నో మోర్ రాన్సమ్’ అను సేవను చూడవలెను. నెదర్లాండ్స్ పోలీసులు, ఐరోపా పోలీసు సంస్థ, రెండు రక్షణ సంస్థలు కలిసి 2016 జూలైలో దీనిని స్థాపించినారు. తాళము పడిన ఫైలును, తాఖీదును చూపినచో అది ఏ జాతిదో, విరుగుడు కలదో లేదో ఉచితముగ చెప్పుదురు. మన దేశమున 1930 అను నంబరునకు ఫోను చేసియు, జాతీయ సైబరు నేరముల పోర్టలులోను ఫిర్యాదు చేయవచ్చును. సంకేతపదములను వేరొక యంత్రమునుండి మార్చుకొనుట మరువరాదు. తాళము వేయువాడు వెంట జేబుదొంగను కూడ తెచ్చుట పరిపాటి. యంత్రమును పూర్తిగ శుద్ధి చేసి, విండోస్‌ను క్రొత్తగ అమర్చిన పిమ్మటనే దాచిన ప్రతులను తిరిగి దానిలో పెట్టవలెను.

చెల్లింపవలెనా అను ప్రశ్న సహజమైనది. చెల్లించిన కొందరికి చెవి దొరకిన మాట నిజమే. కాని దొంగమాటకు పూచీ లేదు. చేతికిచ్చిన ప్రతి రూకయు రేపు మరియొకరి యింటిమీద పడుటకు పెట్టుబడి యగును. చెల్లింపవద్దనియే పోలీసులు కూడ చెప్పుచున్నారు.

అయితే ఇవన్నియు ఇల్లు కాలిన తరువాతి మాటలు. బావి ముందే త్రవ్వుకొనవలెను. పందొమ్మిదవ శతాబ్దమున సి. పి. బ్రౌను కడపలో పండితులను, వ్రాయసగాండ్రను జీతములిచ్చి నిలుపుకొని, శిథిలమగుచున్న తాళపత్ర గ్రంథములకు ప్రతులు వ్రాయించినాడు. చెదలునకు, నిప్పునకు, నీటికి జవాబు మరియొక ప్రతియే అని ఆయన గ్రహించెను. ప్రసారవృత్తిలో నున్న మేము కూడ, అపురూపమైన ధ్వనిముద్రణను ఒకే చోట ఉంచి నిశ్చింతగ నిద్రింపలేము. గృహస్థునకు వర్తించు నియమము సులభమైనది: ముఖ్యమైన వానికి మూడు ప్రతులు, అవి రెండు విధములైన సాధనములలో, అందొకటి ఇంటికి వెలుపల. ఆ ప్రతియున్న డిస్కు ఎల్లప్పుడును కంప్యూటరునకు తగిలించి యుండరాదు. తగిలించియున్నచో తాళము దానికిని పడును. ప్రతి తీసికొనుట, ఊడదీయుట, బీరువాలో పెట్టుట, నెలకొకసారి తెరచి చూచుట – పని ఇంతే.

అమ్మగారి కంఠస్వరము మీ యింట ఒకే యంత్రములో నున్నచో, ఈ ఆదివారము సాయంకాలము ఒక గంట దానికై కేటాయింపుడు.